ప్రాజెక్టు డైరీ: "నేను వ్యాయామం చెయ్యనన్నా"

1వ రోజు, సోమారం

మొత్తానికి టాపిక్ ఓకే అయింది. యూనివర్సిటీ పిల్లోళ్ళు చేసే వ్యాయామం, దాని వెనకుండే మోటివేషన్, వాళ్ళకొచ్చే మార్కులు, ఈ మూడిటికీ ఏమైనా లంకె ఉండాదా అని. ఎం.ఎస్సీ సైకాలజీ లాస్ట్ సెమ్ ప్రాజెక్టు. టీంలో ముగ్గురం. నేను, మాది పలమనేరు పక్క, హాస్టల్. నా రూమ్మేటు, వాడు పోలీస్ సెలక్షన్లకు ప్రిపేర్ అవతా మధ్యమధ్యలో ఎం.ఎస్సీ చదవతా ఉండాడు, ఈ మాట వాడిదే. ఇంకొకమ్మాయి చంద్రగిరి పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వస్తాది, నన్ను అన్నా అంటాది కాబట్టి ఈ డైరీలో చెల్లెలు అనే రాస్తా. పేర్లు రాయను, చదివినాక కొట్టుకుంటారు.

ఈ టాపికే ఎందుకు పట్టుకున్నానంటే, పోయిన సంవత్సరం బాలాజీ కాలనీ పక్క ఒక జిమ్‌లో చేరినా, మూడు నెలలకు ఫీజు కట్టి ఆరు వారాలు పోయినా, ఆ సెమ్‌లో నాకు పుట్టి బుద్ధెరిగినాక రానన్ని మార్కులొచ్చినాయి. అప్పట్నుంచీ దొరికినోడికల్లా జిమ్‌కి పోరా మార్కులొస్తాయి అని చెప్తా తిరిగినా. మా ప్రాజెక్టు గైడు మేడమ్ కాడ కూడా అదే చెప్పినా. ఆమె కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, "జిమ్‌కి పోయినందుకు వచ్చినాయా, తెల్లార్తోనే లేచి జిమ్‌కి పొయ్యే బుద్ధి పుట్టినప్పుడు పుస్తకం కూడా తీసే ఉంటావు కదా, దానికొచ్చినాయా?" అనింది. నోట్లో మాట లేదు నాకు. తర్వాత ఆలోచిస్తే ఆ సెమ్‌లోనే రూమ్ కూడా మారినా, కొత్త రూమ్మేటు పదింటికల్లా లైటార్పేసి గురక మొదలుపెడతాడు, నేనూ పడుకునేసేవాణ్ణి. నిద్రకు కూడా రావచ్చు మార్కులు. ఇవన్నీ విడదీసి చూడాలంటే ఒక గుంపును జిమ్‌కి పంపి ఇంకో గుంపును పంపకుండా పెట్టాల, అంత టైమూ లేదు డబ్బుల్లేవు. కాబట్టి మేము చేసేది సర్వే. దీంట్లో ఏది కారణం ఏది ఫలితం అని తేల్చలేం, రెండూ కలిసి నడస్తా ఉండాయా లేదా అనేది మాత్రం చూడొచ్చు. ఈ ముక్క మొదటి పేజీలోనే రాసుకోమని మేడమ్ చెప్పింది, రాసుకున్నా.

5వ రోజు

ఫారం తయారీ. రెండు ప్రశ్నాపత్రాలు తీసుకున్నాం.

ఒకటి ఐపాక్ (IPAQ) చిన్నది, ఎవురు ఎంత ఒళ్ళు కదిలిస్తారో కొలిచేది. 7 ప్రశ్నలే, పోయిన 7 రోజుల్లో గట్టిగా ఆయాసం వచ్చే పని ఎన్ని రోజులు ఎన్ని నిమిషాలు, ఓ మోస్తరు పని ఎంత, నడక ఎంత, కూర్చునింది ఎంత అని అడగతాది. ఒకేసారి కనీసం 10 నిమిషాలన్నా చేసిందే లెక్క. ఆ నిమిషాలను మెట్ అనే దాంతో, అంటే ఆ పనికి ఒళ్ళు ఎంత శక్తి ఖర్చు పెడతాదో చెప్పే అంకెతో గుణించాల. ఊరికే కూర్చుంటే 1 మెట్, నడకకు 3.3, ఓ మోస్తరు పనికి 4, గట్టి పనికి 8. అంటే రోజుకు 30 నిమిషాల లెక్కన 5 రోజులు నడిచినోడికి 3.3 ఇంటూ 150, 495 మెట్-నిమిషాలు. నేను ఇది బోర్డు మీద రాసి చెప్తా ఉంటే రూమ్మేటు చాలాసేపు తలూపి, "రేయ్, నడకకు 3.3 మెట్లు ఎట్లా వస్తాయిరా, అలిపిరిలో 3550 ఉండాయి కదా" అన్నాడు. తిరుపతిలో మెట్ అంటే ఎవురికైనా మెట్టే గుర్తొస్తాది, వాడి తప్పేం లేదు.

రెండోది బ్రెక్-2 (BREQ-2). ఇది మోటివేషన్ కొలిచేది. 2004లో మార్క్‌లాండ్, టోబిన్ అనేవాళ్ళు చేసింది, 19 వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కు. దీని వెనకుండే సిద్ధాంతం డెసీ, రయాన్ అనే సైకాలజిస్టులది. మోటివేషన్ ఉందా లేదా అని కాకుండా అది ఏ రకం అని చూస్తారు. అసలు ఎందుకు చెయ్యాలో తెలీనోళ్ళు ఒక కొసన. తర్వాత ఎవురో చెప్పినారని చేసేవాళ్ళు, చెయ్యకపోతే గిల్టుగా ఉంటాదని చేసేవాళ్ళు, దీనివల్ల మంచిదని తెలిసి చేసేవాళ్ళు, ఇంకో కొసన ఇష్టంతో చేసేవాళ్ళు. ఇంగ్లీషులో చదివినప్పుడు ఎంత బాగుండాదో, తెలుగులో పెట్టేతలికి అంత ఏడిపించింది.

గిల్టు వాక్యాన్ని నేను "వ్యాయామం చేయనప్పుడు నాలో అపరాధ భావన కలుగుతుంది" అని రాసినా. ఇది చదివి చెల్లెలు పోలీస్ స్టేషన్లో స్టేట్‌మెంట్ మాదిరి ఉందన్నా అనింది. చివరికి "చెయ్యకపోతే మనసులో పీకతా ఉంటాది" అని పెట్టినాం. వేరే డిపార్ట్‌మెంట్ ఫ్రెండ్‌కి ఇచ్చి, అసలు ఫారం చూపించకుండా, మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చమన్నాం, మార్చింది అసలు వాక్యానికి దగ్గరగానే వచ్చింది. ఐపాక్‌లో ఇంకా ఘోరం, "మితమైన తీవ్రత గల శారీరక శ్రమ" అంటే ఒక్కడికీ ఎక్కలా. మాట్లాడగలం కానీ పాట పాడలేం, అంత ఆయాసం వస్తే ఓ మోస్తరు. రెండు మాటలకే ఊపిరి అందకపోతే గట్టిది. ఇట్లా రాస్తే అందరికీ అర్థమయింది. "శారీరక శ్రమ" అనే మాట బరువుగా ఉండాదని తీసేసి అన్నిచోట్లా "వ్యాయామం" అని పెట్టినా. ఫారం ఒకే కాగితంలో ముందూ వెనకా పట్టాలని పైన ఉండే సూచనల పేరా కూడా ఎత్తేసినా, ఎట్లాగూ ఎవురూ చదవరు, జిరాక్స్ ఖర్చు మిగులుతాది అని. ఆ రోజుకి అది పెద్ద తెలివి అనిపించింది.

9వ రోజు

పొద్దన్నే ఐదున్నరకు తారకరామ స్టేడియం కాడికి పోయి నిలబడినాం, వాకింగుకు, రన్నింగుకు వచ్చే స్టూడెంట్ల కాడ ఫారాలు నింపించుకున్నాం. గంటన్నరలో 30 దాటినాయి. చలిగాలి, కొండ మీద ఇంకా లైట్లు ఆరలా, బయట టీ. ప్రాజెక్టంటే ఇంత సుఖమా అనుకున్నా.

మధ్యాహ్నం మేడమ్‌కి చూపిస్తే యాడ తెచ్చినారని అడిగింది. చెప్పినా. "లడ్డూ కౌంటర్ కాడ నిలబడి మీకు లడ్డూ ఇష్టమా అని అడిగినట్టుండాది" అనింది. ఆ ఫారాలన్నీ పక్కన పెట్టేసినాం. రూమ్మేటు ఆ టీ డబ్బులు ఇప్పటికీ అడగతా ఉండాడు.

ఇప్పుడు ప్లాన్ ఏందంటే క్లాసులకే పోయి, హాజరైన వాళ్ళందరి కాడా తీసుకోవడం. హాస్టల్ వాళ్ళు, డే స్కాలర్లు, ఆర్ట్స్, సైన్స్ అన్నీ కలిసేట్టు. ఫారం పైన ఇష్టముంటేనే నింపండి, మధ్యలో వదిలేసినా ఏమీ అనం అని ఒక లైను, సంతకం, పేరు రెండూ వద్దు.

13వ రోజు, శనారం

ఈ రోజు పని లేదు, కానీ రాసుకోవాల్సింది చాలా ఉండాది.

రూమ్మేటుకి మొక్కుంది. డిగ్రీలో మిగిలిపోయిన ఒక పేపరు పాసైతే నడిచి ఎక్కతా స్వామీ అని మొక్కుకున్నాడంట, పాసయి ఏడాది దాటింది, వాయిదా వేస్తా ఉండాడు. ముగ్గురం పోయినాం, చెల్లెలు వాళ్ళ అమ్మను కూడా తెచ్చింది. అలిపిరి దారే. శ్రీవారి మెట్టు అయితే 2388 మెట్లే, తొందరగా అయిపోతాది, చెల్లెలు వాళ్ళ ఊరికి కూడా దగ్గర, కానీ మొక్కుకునింది అలిపిరికి కాబట్టి తప్పదన్నాడు. గాలిగోపురం దాకా ఏకధాటిగా ఎక్కుడే, ఆడికొచ్చేసరికి నా చొక్కా పిండితే బిందెడు నీళ్ళొచ్చేట్టుండాయి. రోజూ పరిగెత్తేవాడు కాబట్టి రూమ్మేటుకు ఏమీ కాలా. చెల్లెలు, వాళ్ళమ్మ అయితే మాట్లాడుకుంటానే ఎక్కినారు, ఎనుము ఈనడానికి ఇంకా ఎన్ని రోజులుండాదో, పాల రేటు ఎంత తగ్గించినారో. మాట్లాడగలం కానీ పాట పాడలేం అనేది వాళ్ళ పట్ల పనిచెయ్యలా, మధ్యలో గోవిందలు కూడా గట్టిగా పలికినారు. అప్పుడన్నా నాకు తట్టాల్సింది.

దారిలో ఒకామె ప్రతి మెట్టుకూ వొంగి పసుపు రాసి కుంకుమ పెడతా ఎక్కతా ఉండాది. వొంగడం, లేవడం, ఇంకో మెట్టు, మళ్ళీ వొంగడం. రూమ్మేటు లెక్కేసినాడు, మెట్టుకో గుంజీ అనుకున్నా 3550 గుంజీలు, మా కోచింగ్ సెంటర్ సార్ 100 తీయమంటేనే మేము దొంగ లెక్క చెప్తాం రా అని. ఆమెను పోయి మీరు వ్యాయామం చేస్తారా అమ్మా అని అడిగితే ఏమనేదో.

గాలిగోపురం దాటినాక చదునుగా ఉంటాది కదా, ఆడ నిమ్మకాయ సోడా తాగతా కూర్చొని వాదించుకున్నాం. మొక్కు ఏ రకం మోటివేషన్? నేను బయటిదే అన్నా, పాస్ చేస్తే ఎక్కతా అని బేరం కదా. రూమ్మేటు ఒప్పుకోలా. పాసయి ఏడాదయింది, ఫలితం చేతికొచ్చేసింది, ఇప్పుడు ఎక్కకపోయినా మార్కుల మెమో వెనక్కి తీసుకోరు కదా, అయినా రోజూ పడుకునేటప్పుడు గుర్తొచ్చేది, కడుపులో దేవినట్టుండేది అన్నాడు. అంటే మా ఫారంలో "మనసులో పీకతా ఉంటాది" అనే రకం. చెల్లెలు వాళ్ళమ్మ ఇదంతా విని, "మొక్కు తీరినాక కూడా మళ్ళా రావాలనిపిస్తాది నాయనా, నేను ఏడాదికి రెండుసార్లు వస్తా, ఏమీ అడగను" అనింది. అది చివరి కొస, ఇష్టం. ఒకటే మెట్లు, ఒకటే రోజు, నలుగురికీ నాలుగు రకాలు. నాది ఏ రకమో నేను చెప్పలా, ప్రాజెక్టు పార్ట్‌నర్లు పిలిచినారని పోయినా, అది ఏ గడిలో పడతాదో తెలిసిందే.

మోకాళ్ళ మెట్టు కాడ నా కాళ్ళు వణికినాయి. పైకి చేరేసరికి నాలుగు గంటలు పట్టింది మాకు.

ఇంకోటి. రాత్రి హాస్టల్‌కొచ్చి నా ఫారం నేనే నింపుకున్నా. ఈ ఒక్కరోజు ఎక్కిందాన్ని గట్టి పని 150 నిమిషాలు అని వేసినా, 8 ఇంటూ 150, 1200 మెట్-నిమిషాలు. వారం మొత్తం ఏమీ చెయ్యనోడు శనారం కొండెక్కితే గొప్ప యాక్టివ్ అయిపోతాడా అని భయమేసింది. ఐపాక్ మనుషుల్ని తక్కువ, ఓ మోస్తరు, ఎక్కువ అని మూడు గుంపులు చేస్తాది. కానీ దాని నియమాలు చదివితే తెలిసింది, 600 మెట్-నిమిషాలు దాటితే చాలదు, గట్టి పనైతే 3 రోజులు, అన్నీ కలుపుకుంటే 5 రోజులన్నా ఉండాల, లేకపోతే "తక్కువ" గుంపులోనే. ఆ నియమం పెట్టినోళ్ళకు మన కొండ సంగతి తెలీదు కానీ మనకే పెట్టినట్టుండాది.

17వ రోజు

రూమ్మేటు మాట కొంచెం రాయాల. కానిస్టేబుల్ ఈవెంట్లలో 1600 మీటర్ల పరుగు, 100 మీటర్లు, లాంగ్‌జంప్ ఉంటాయి. నోటిఫికేషన్ పడుతుందంటే చాలు, మా గ్రౌండులో పొద్దన్నే జాతరే. తేదీ వాయిదా పడిందని వాట్సాప్‌లో వస్తే మర్నాడు గ్రౌండులో కుక్కలే. వీడూ అంతే, వాయిదా వార్త వచ్చిన రోజు నుంచి తొమ్మిదికి లేస్తా ఉండాడు. ఏందిరా అంటే "దేనికి పరిగెత్తాల?" అంటాడు.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనేవాళ్ళు నర్సరీ పిల్లోళ్ళతో చేసింది మాకు పీజీలో పాఠముండాది. స్కెచ్ పెన్నులతో బొమ్మలెయ్యడం ఇష్టమైన పిల్లల్ని తీసుకొని, కొంతమందికి బొమ్మేస్తే బహుమతి సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చినారు. కొన్నాళ్ళకు చూస్తే ఆ పిల్లలే ఊరికే దొరికే టైములో ఆ పెన్నులు తక్కువ పట్టుకున్నారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో, ఏమీ ఇవ్వని పిల్లల్లో ఆ తేడా రాలా. రూమ్మేటుకి ఇది చెప్తే, "నేను చిన్నప్పుడు కబడ్డీ ఆడి ఇంటికి పోతే మా నాయన తన్నేవాడు, అయినా మాపటేళ అయితే పోయేవాణ్ణి, ఇప్పుడు ఉద్యోగం ఇస్తామంటా ఉండారు, కాళ్ళు లేవడంలా" అన్నాడు. దీన్ని రిపోర్టులో రాయొచ్చా అంటే మేడమ్ ఒక్కడి మాట డేటా కాదు అనింది. సరే, డైరీలో రాసుకుంటా.

21వ రోజు

మార్కుల కాడ ఇరుక్కున్నాం. ఆఫీసులో అడిగితే ఒకరి మార్కులు ఇంకొకరికి ఇవ్వరు, అది న్యాయమే. కాబట్టి పిల్లోళ్ళు చెప్పిందే రాసుకోవాల. సీజీపీఏ అడిగితే అందరికీ 7.5, 8, గుండు అంకెలు, బ్యాక్‌లాగ్‌లు గాల్లో కలిసిపోతాయి. ఇంకో మెలిక కూడా ఉండాది, సీజీపీఏ అంటే చేరినప్పట్నుంచీ అన్ని సెమ్‌లూ కలిపింది. మేము అడిగే వ్యాయామం పోయిన 7 రోజులది. రెండేళ్ళ మార్కులకూ పోయిన వారం వాలీబాల్‌కూ లంకె పెడితే ఎట్లా? చివరికి పోయిన సెమ్ ఎస్‌జీపీఏ మాత్రం, ఫోన్లో రిజల్ట్ తెరిచి చూసి రాయమని అడగతా ఉండాం. ఇదీ సరిపోయేది కాదు, కొంచెం మేలు అంతే.

వచ్చిన ఫారాల్లో కొన్ని ముత్యాలు. ఒకడు రోజుకు 600 నిమిషాలు నడుస్తానని రాసినాడు. ఒకడు వాలీబాల్ 24 గంటలు. ఐపాక్ పద్ధతి ప్రకారం రోజుకు ఒక్కో రకంలో 180 నిమిషాలు దాటితే 180కే కత్తిరించాల, మూడూ కలిపి 960 దాటితే ఫారమే తీసెయ్యాల. 24 గంటల వాలీబాల్ వీరుణ్ణి తీసేసినాం. పోయేముందు ఫొటో తీసుకున్నా, ఫేర్‌వెల్ రోజు చూపియ్యాల.

26వ రోజు

ఎక్సెల్ ఎంట్రీ మొదలు. నేను చదవతా ఉండా, చెల్లెలు కొడతా ఉండాది. ఆమె టైపింగ్ స్పీడు చూస్తే డీటీపీ సెంటర్ పెట్టుకోవచ్చు. మధ్యలో ఒక ఫారం వచ్చింది, గట్టి పని 0, ఓ మోస్తరు 0, నడక 0. బ్రెక్-2లో "వ్యాయామం ఎందుకు చెయ్యాలో నాకు తెలీదు" అనే మాదిరి వాక్యాలన్నిటికీ 4, మిగతా అన్నిటికీ 0. నేను నవ్వి, "ఎవురో మహాతల్లి, మంచం దిగను అని రాసిచ్చింది" అన్నా.

"అది నాదేనన్నా" అనింది.

ట్రయల్‌కి అందరం ఒక్కోటి నింపినాం కదా, అది కట్టలో కలిసిపోయిందంట. నడక కూడా సున్నానా, బస్సు దిగి నడిచి రావా అంటే, "మీరు వ్యాయామం అని కదా రాసినారు, నేను వ్యాయామం చెయ్యనన్నా, నాకు టైము యాడ ఉండాది?" అనింది. టైము ఎందుకు లేదు అన్నా. అప్పుడు చెప్పింది, చెప్పేది కూడా ఏదో మామూలు ముచ్చట మాదిరి, కీబోర్డు మీద చెయ్యి తియ్యకుండా. నాలుగున్నరకు లేస్తాది. రెండు ఎనుములు, ఒక ఆవు. కొట్టంలో పేడెత్తి, కడిగి, పాలు పిండి, క్యాను సెంటర్ కాడికి మోసుకొని పొయ్యి, ఎనిమిది గంటల బస్సుకు నడిచి రావాల. సాయంత్రం దిగినాక గడ్డి కోసి మోపు తేవాల. ఈ లెక్కన అలిపిరిలో వాళ్ళమ్మా ఆమె పాల రేటు మాట్లాడుకుంటా ఎక్కింది ఎందుకో ఇప్పటికి బుర్రకెక్కింది.

రూముకొచ్చి ఐపాక్ అసలు ఇంగ్లీషు ఫారం తీసినా. పైన సూచనల పేరా, నేను జిరాక్స్ ఖర్చు మిగులుతాదని ఎత్తేసిన పేరా. దాంట్లో రాసే ఉండాది, ఉద్యోగంలో చేసే పని, ఇంటి పని, పెరటి పని, ఒక చోట నుంచి ఇంకో చోటికి పోవడం, ఖాళీ టైములో ఆట, వ్యాయామం, అన్నీ గుర్తు తెచ్చుకొని రాయండి అని. గట్టి పనికి ఉదాహరణల్లో బరువులెత్తడం, తవ్వడం ఉండాయి. వాళ్ళు అడిగింది ఒళ్ళు కదలడం గురించి, నేను "శ్రమ" తీసి "వ్యాయామం" పెట్టినా. మన భాషలో వ్యాయామం అంటే పని కానిది. ట్రాక్ ప్యాంటు, షూస్, దండీలు, బస్కీలు. గడ్డిమోపు మోసేదాన్ని ఎవురూ వ్యాయామం అనరు, అనమని చెప్పినా అనరు.

ప్రశ్నాపత్రం తప్పు కాదు. నా కత్తెర తప్పు.

28వ రోజు, ఆదివారం

నమ్మకం కుదరక, అంటే ఆమె మాట మీద కాదు, నిమిషాల లెక్క మీద, నేనూ రూమ్మేటు వాళ్ళూరు పోయినాం. వాళ్ళమ్మ రమ్మని ఎప్పట్నుంచో పిలస్తా ఉండాది. మేము పొయ్యేసరికే కొట్టం కడిగేసి ఉండారు, అయినా పొద్దున పని ఎంతసేపు పడతాదో ఒక్కోటీ అడిగి రాసుకున్నాం. వాళ్ళమ్మకు ఇదంతా విచిత్రంగా ఉండాది, "ఏం నాయనా, పేడెత్తేది కూడా పరీక్షలో వస్తాదా ఇప్పుడు?" అని పక్కింటామెతో చెప్పి చెప్పి నవ్వింది.

సాయంత్రం గడ్డికి పోతే వెంటబడినాం. బోరు పక్క కయ్యలో పెంచిన గడ్డి. కొడవలి ఒకటే సవ్వడి, చెల్లెలు ముందుకు జరగతా పోతాది, వెనక గడ్డి పడతా వస్తాది. నేనూ అడిగి తీసుకొని కోసినా, పిడికెడు కోసేసరికి చూపుడు వేలు తెగింది, చెల్లెలు అదే గడ్డి నలిపి రసం పిండింది. తర్వాత తాడు పరిచి, అడ్డంగా నిలువుగా పేర్చి, మోకాలితో తొక్కి బిగించి కట్టింది. ఎత్తేటప్పుడు మాత్రం ఒకరు చెయ్యి వెయ్యాల. గుడ్డ చుట్ట తల మీద పెట్టుకొని "ఊ" అనింది, నేనూ రూమ్మేటు చెరో పక్క పట్టి ఎత్తినాం, తల మీద కూర్చునింది మోపు, ఆమె నడిచి పోయింది. నేనూ ఒకటి మోస్తా అన్నా, మగోణ్ణి కదా. సగం దూరం కూడా పోలా, మెడ ఒక పక్కకు వొరిగిపోయి కళ్ళ ముందు గడ్డి తప్ప ఏమీ కనపడక కాలవ గట్టు మీద దించేసినా. రూమ్మేటు వీడియో తీసినాడు. అది ఇప్పుడు క్లాస్ గ్రూపులో ఉండాది.

కోసేదీ మోసేదీ కలిపి ఫోన్లో టైము పెడితే 30 నిమిషాల పైనే. రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టినారు. రెండు ముద్దలు తిన్నా.

31వ రోజు

మేడమ్‌కి అంతా చెప్పినా. తిడతాదనుకున్నా, తిట్టలా. పెద్ద ఐపాక్ కూడా ఉండాది, 27 ప్రశ్నలు, పని, రాకపోకలు, ఇంటి పని, ఖాళీ టైము అని విడివిడిగా అడగతాది, అది వాడమనింది. ఎందుకంటే కలిపి ఒకే అంకె తీసినా ఇబ్బందే. ఖాళీ టైములో ఇష్టంగా చేసే వ్యాయామం వల్ల ఒంటికి వచ్చే మేలు, బతుకుతెరువు కోసం చేసే శ్రమలో అంతగా కనపడదని కొన్ని పరిశోధనల్లో తేలింది, దానికి ఫిజికల్ యాక్టివిటీ పారడాక్స్ అని పేరు కూడా ఉండాది. రెస్టు దొరకదు, ఎప్పుడు ఆపాలో చేతిలో ఉండదు, ఇట్లాంటివి కారణాలుగా చెప్తారు. చెల్లెలు ఫస్ట్ అవర్‌లో డెస్క్ మీద తల వాల్చడం నేను ఎన్నిసార్లు చూసినానో, చూసి ఏం బద్ధకం రా అనుకున్నానో, ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉండాది.

అంటే పాత ఫారాలన్నీ పాయె. బ్రెక్-2 భాగం ఒకటి పనికొస్తాది, దాంట్లో వ్యాయామం అనే మాటే ఉండాల, కానీ పేర్లు లేవు కాబట్టి పాత దాన్ని కొత్తదానికి అతికించలేం. మొదట్నుంచీ మళ్ళీ. రూమ్మేటు రెండు రోజులు నాతో మాట్లాడలా.

38వ రోజు

కొత్త ఫారం నాలుగు పేజీలు. ఐపాక్ భాగంలో "వ్యాయామం" తీసేసినాం, "ఒళ్ళు కదిలే పని" అని పెట్టినాం. ఉదాహరణలు మేమే రాసినాం, నీళ్ళ క్యాను మెట్లెక్కించడం, గడ్డి కొయ్యడం, పాలు పిండడం, పెళ్ళిళ్ళలో వడ్డనకు పోవడం (మా హాస్టల్లో సగం మందికి ముహూర్తాల సీజన్లో ఇదే సంపాదన), క్రికెట్, బస్‌స్టాండ్ నుంచి క్యాంపస్‌కి నడక. సూచనల పేరా మొదట్లోనే, పెద్ద అక్షరాల్లో. నాలుగు పేజీలు ఎవురు నింపుతారు అని భయపడినాం కానీ, ఉదాహరణలు చదివి పిల్లోళ్ళు ఒకరికొకరు చూపించుకొని నింపినారు. ఒకబ్బాయి ఫారం ఇచ్చేటప్పుడు "అన్నా, చెనిక్కాయలు పీకేది కూడా రాయొచ్చా" అని అడిగి మళ్ళీ తీసుకొని పోయి రాసుకొచ్చినాడు.

44వ రోజు

సగం ఎంటర్ చేసినాం. ఒక పక్క మెట్-నిమిషాలు, ఒక పక్క ఎస్‌జీపీఏ పెట్టి చుక్కల గ్రాఫ్ గీసి చూసినా, ఉండబట్టలేక. తాలింపు గిన్నెలో నుంచి ఆవాలు చిట్లి చెదిరినట్టు ఉండాది, గీత గీద్దామంటే యాడ గీయాలో అర్థం కావడంలా. నా జిమ్ కథ ప్రకారమైతే కింద ఎడమ నుంచి పైన కుడికి మెట్లెక్కినట్టు పోవాల. మేడమ్ చూసి, అన్నీ ఎంటర్ చెయ్యకముందే గ్రాఫ్ చూడడం ఉడకని అన్నం మెతుకు పట్టి చూడడం అనింది, లాప్‌టాప్ మూసేసింది. మెట్-నిమిషాలు ఒక పక్కకు బాగా వొరిగిపోయినాయి, కొద్దిమందికి వేలల్లో, ఎక్కువమందికి వందల్లో, కాబట్టి సగటు బదులు మధ్యస్థం, అంటే వరసలో పెడితే నడిమికొచ్చే అంకె చెప్పాల, సంబంధానికి అసలు అంకెలతో చేసే పియర్సన్ లెక్క కాకుండా ర్యాంకులతో చేసే స్పియర్‌మన్ లెక్క చూడాల. ఖాళీ టైము వేరే, ఇంటి పని వేరే, రెండు గ్రాఫులు. ఇదొక్కటి నోట్ చేసుకోమనింది.

46వ రోజు

మా ముగ్గురి ఫారాలు డేటాలో కలపం, కానీ చిన్న ఐపాక్ సరైన సూచనలతో మళ్ళీ నింపుకొని లెక్కేసుకున్నాం, సరదాకి. మళ్ళీ జిమ్‌కి పోతా ఉండా కాబట్టి నాది గట్టి పని వారానికి 160 నిమిషాలు, నడక 100 నిమిషాలు, మొత్తం 1610. రూమ్మేటుది చెప్పొద్దన్నాడు.

చెల్లెలుది. నడక రోజుకు 40 నిమిషాలు, 6 రోజులు, 792. కొట్టం పని, పాలు, రోజుకు 45 నిమిషాలు, 7 రోజులు, 1260. గడ్డి కోసి మోసేది 30 నిమిషాలు, 7 రోజులు, 1680. మొత్తం 3732. 7 రోజులూ కలిపి 3000 దాటితే "ఎక్కువ" గుంపు. ఆమెది ఆ గుంపులో పడింది.

కాల్‌క్యులేటర్ రెండుసార్లు కొట్టి చూసుకునింది. "అయితే జిమ్ ఫీజు కట్టినోళ్ళకంటే నాదే ఎక్కువనా?" అని నా పక్క చూసి నవ్వింది. తర్వాత బ్రెక్-2 కాగితం తీసి మళ్ళీ నింపింది, నేను పక్కనుంచి చూస్తా ఉండా, అవే 4లు, అవే 0లు, ఒక్కటి మారలా. ఇదేంది, ఇంత చేస్తా ఉండావు కదా అంటే, "ఎనుములకు గడ్డెయ్యాల కాబట్టి కోస్తా, దాంట్లో వ్యాయామం ఎందుకు చెయ్యాలనేది యాడొచ్చిందన్నా?" అని బ్యాగు తగిలించుకునింది. ఐదూ పదికొచ్చే బస్సు పోతే మళ్ళీ ఆరున్నరకే.

మిగిలిన ఫారాలు నేనే ఎంటర్ చెయ్యాల రేపు. చార్జర్ రూమ్మేటు కాడుండాది, వాడు ఈ రోజు పొద్దన్నే గ్రౌండుకు పోయినాడు. నోటిఫికేషన్ ఏమన్నా పడిందేమో కనుక్కోవాల.